ఉడుత వీపున ఎన్ని చారలు?

గత సంచికలో "మన ఉద్యానాలు, మన జీవులు" అనే పుటను తెలుగులోకి అనువదించినది నేనే. అందులో ఒక పొరపాటు చేశాను. కన్నడ మూలంలో అళిలు, కెందళిలు అని రెండు వేర్వేరు పేర్లున్నాయి. అళిలు అంటే ఉడుత; అక్కడ తికమక లేదు. రెండవ పేరు దగ్గర తొందరపడ్డాను. కెందామర, కెంజాయ, కెంపు అనే మాటలు తెలిసినవాడికి 'కెం' అంటే ఎరుపని వేరే చెప్పనక్కరలేదు కదా అనుకొని, "ఎర్ర ఉడుత" అని రాసేశాను. మూలంలోని "ఇది కనిపించినచో అటవీ శాఖకు తెలియజేయగలరు" అనే వాక్యాన్ని కూడా దాని కింద చేర్చాను. కెందళిలు అంటే తెలుగువారు బెట్టుడుత అని పిలిచే జంతువు. తోకతో కలిపి దాదాపు గజం పొడవుండి, కొండ అడవులలో కొమ్మలు దిగకుండా బ్రతికే ప్రాణి. దానికి తెలుగులో పేరుండగానే నేను లేని పేరు కల్పించాను.

పుస్తకం అచ్చయిన రెండు నెలలకు వైట్‌ఫీల్డ్ వైపు నుంచి ఒకామె ఫోను చేశారు. అనంతపురం నుంచి వచ్చి స్థిరపడినవారు. తమ నివాస సముదాయంలోని కానుగ చెట్టుమీద ఎర్ర ఉడుత గూడు పెట్టిందనీ, సంఘంవారు ఆ వారమే కొమ్మలు కొట్టించబోతున్నారనీ, అందువల్ల అరుదైన జంతువు ఉందని తాను ఫిర్యాదు చేశాననీ చెప్పారు. ఎవరో వచ్చి చూశారు. అది మామూలు మూడు చారల ఉడుత. కొమ్మమీద తోక పైకెత్తి కూర్చున్నప్పుడు తోక అడుగున కనిపించే ఇటుక రంగును చూసి ఆమె ఎర్ర ఉడుత అనుకున్నారు. వచ్చినవారు నవ్వి, "ఇది ఊరంతా ఉండేదే అమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆమె ఏమి చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. మర్నాడే కొమ్మలు పడ్డాయి. చెప్పుల పెట్టెలో పాత గుడ్డ పరచి, ఇంకా కళ్ళు తెరవని రెండు పిల్లలను పెట్టుకొని ఆమె నాకు మళ్ళీ ఫోను చేశారు. "మీ పుస్తకం చూసే కదండీ చెప్పాను" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఈ పాఠం అప్పటి బాకీ.

చారలు లెక్కపెట్టడం

మన ఊళ్ళలో, ఈ నగరంలో, గోడలమీదా తీగలమీదా పరుగెత్తే చారల ఉడుతలన్నీ ఒకే ప్రజాతికి చెందినవి. శాస్త్రజ్ఞులు దానికి ఫునాంబులస్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ మాటకు మోకుమీద నడిచేవాడని అర్థం. విద్యుత్తు తీగమీద తోకను అటూ ఇటూ ఆడిస్తూ వీధి దాటే ఉడుతను చూసినవారికి ఆ పేరు పెట్టినవాడి చూపు ఎంత సరిగ్గా పడిందో తెలుస్తుంది. ఈ ప్రజాతిలో మన కంటపడేవి ముఖ్యంగా రెండు జాతులు: మూడు చారలది, అయిదు చారలది.

మూడు చారల ఉడుతకు లిన్నేయస్ 1766లో పేరు పెట్టాడు. తాటిచెట్టును గుర్తుచేసే పాల్మారం అనే మాట ఆ పేరులో ఉంది. దక్షిణ భారతదేశం, శ్రీలంక దీని సొంత ఇల్లు. బెంగుళూరు, చెన్నై నగరాలలో మనం నిత్యం చూసేది ఇదే. అయిదు చారలది ఉత్తరాదిన ఎక్కువ. ఢిల్లీలోనో నాగపూర్‌లోనో బంధువులున్నవారు అక్కడి పార్కులలో దానినే చూసి ఉంటారు. దక్కను పీఠభూమిలో పలుచోట్ల రెండింటి హద్దులూ కలిసిపోతాయి. కాబట్టి తెలంగాణ నుంచో మరాఠ్వాడా నుంచో వచ్చినవారు తమ ఊరి ఉడుతా ఈ ఊరి ఉడుతా ఒకటేనని గట్టిగా చెప్పడానికి ముందు ఒకసారి వీపు చూడాలి.

చూడటంలోనే చిక్కుంది. లెక్కపెట్టవలసినవి లేత చారలను మాత్రమే. వాటి నడుమ ముదురు పట్టీలు ఉంటాయి. తొందరలో కన్ను వాటిని కూడా కలిపేసుకుంటుంది. మూడు చారల ఉడుతకు నడిమి చార తలనుండి తోకదాకా సాగుతుంది. పక్క చారలు రెండూ ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ మధ్యనే ఆగిపోతాయి. అయిదు చారలదానికి ఈ మూడూ ఉండి, ఇంకొక రెండు డొక్కల మీదికి దిగి ఉంటాయి. అవి పలుచన, పొట్టి. మేడమీదినుంచి చూస్తే అసలే కనిపించవు. అందుకే పైనుంచి చూసినవాడికి అయిదు చారల ఉడుత కూడా మూడు చారలదిగానే తోస్తుంది. పక్కనుంచి, చెట్టు మొదలును కరచుకొని కదలకుండా ఉన్నప్పుడు చూడాలి.

రెండవ గుర్తు తోక. మూడు చారల ఉడుత తోక అడుగున నడిమధ్య ఇటుక రంగు పట్టీ పొడవునా ఉంటుంది. వైట్‌ఫీల్డ్ ఆమెను పొరబరచినది ఇదే. అయిదు చారలదాని తోక అడుగు బూడిద, పసుపు కలిసిన ఛాయలో ఉంటుంది. ఆ ఎరుపు ఉండదు. చారలు లెక్కకు అందనప్పుడు తోకే సాక్ష్యం. వింత ఏమిటంటే, ఆమె సరైన గుర్తునే చూశారు. దాని అర్థం చెప్పవలసిన పుస్తకమే తప్పు చెప్పింది.

శ్రీరాముడు మూడు వేళ్ళతో నిమిరినందువల్లనే ఉడుతకు చారలు వచ్చాయనే కథ మనవారికందరికీ తెలుసు. ఉడుతాభక్తి అనే మాట అక్కడినుంచి వచ్చిందే. వాల్మీకంలో ఈ కథ లేదు. తెలుగున రంగనాథ రామాయణంలో ఉంది. తమిళదేశంలో తొండరడిప్పొడి ఆళ్వారు తన తిరుమాలైలో సేతువు కట్టిన ఉడుతలను తలచుకున్నారు. ఇవి రెండూ మూడు చారల ఉడుత తిరిగే నేలలో పుట్టిన రచనలే కావడం గమనించదగ్గది. ఒకసారి కార్యాలయానికి వచ్చిన ఒక పెద్దాయన, "అయిదు చారలుంటే అది రాములవారి ఉడుత కాదా?" అని నవ్వుతూ అడిగారు. కథ చెప్పినవారి ఇంటి ముందు ఏ ఉడుత ఉంటే దానినే లెక్కపెట్టారని నా మనవి.

పశ్చిమ కనుమలకు వెళితే ఇంకొక రెండు ఎదురవుతాయి. అడవి చారల ఉడుతకు కూడా మూడు చారలే. కాని దాని ఒళ్ళు మరింత ముదురు, చారలు సన్నం. వానలు ఎక్కువ పడే అడవులలోనూ ఆ అడవుల అంచున ఉన్న తోటలలోనూ ఉంటుంది. రెండవది మసక చారల ఉడుత. చిన్నది, బిడియం గలది. నీలగిరులు, కొడగు వంటి చోట్ల చిక్కటి అడవిలో తిరుగుతుంది. దాని చారలు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. నగర పాఠకులకు వీటితో పెద్దగా పని పడదు.

ఒకే జంతువు, ఇన్ని రంగులు

బెట్టుడుత విషయం వేరు. అక్కడ చారలు లేవు, అంతా రంగులే. పొట్ట, ముందుకాళ్ళు మీగడ రంగు. వీపు లేత గోధుమ నుంచి ఇటుక, ఎండిన నెత్తురు రంగు, నలుపు వరకు ఏదైనా కావచ్చు. చెవుల నడుమ తెల్లటి మచ్చ ఉంటుంది. బరువు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు. నేలమీదికి దాదాపు దిగదు. ఒక చెట్టునుంచి ఇంకొక చెట్టుకు ఇరవై అడుగుల దూరం వరకు దూకగలదు. కొమ్మలూ ఆకులూ గుండ్రంగా అల్లి, ఒకటి చాలదన్నట్టు నాలుగైదు గూళ్ళు కడుతుంది.

మహారాష్ట్రలో ఉన్న మన పాఠకులు దీనిని శేకరు అన్న పేరుతో ఎరుగుదురు. అది ఆ రాష్ట్ర జంతువు. పుణె జిల్లాలోని భీమాశంకర్ అభయారణ్యంలో ఇది ప్రసిద్ధం. అక్కడి బెట్టుడుత వీపున నలుపు ఉండదు, ఒళ్ళంతా ఎర్రని చాయలో ఉంటుంది. అదే జాతి దక్షిణంగా కేరళ అడవులకు వచ్చేసరికి వీపు, తోక నల్లబడతాయి. తూర్పు కనుమలలో, అంటే పాపికొండలలో, నల్లమలలో, శేషాచలం కొండలలో, ఒడిశా అడవులలో ఉండేదానికి భుజాలమీదా తోక మొదట్లోనూ నలుపుండి, తోక చివర లేత రంగుకు మళ్ళుతుంది. తిరుమల కొండల అడవిలో ఒక రంగు, భీమాశంకర్‌లో మరొక రంగు చూసి రెండు జాతులనుకున్నవారు ఎందరో ఉన్నారు. శాస్త్రజ్ఞులే చాలాకాలం అనుకున్నారు. 1952లో హుమాయూన్ అబ్దులాలీ, జె. సి. డేనియల్ బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో ఈ రంగుల తెగలను పరిశీలించి రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ విషయంలో ముందుగా తిరగవేసేది. గుజరాత్‌లోని డాంగ్స్ అడవులనుంచి ఒక తెల్లని తెగను కూడా వర్ణించారు. అది ఇప్పుడు లేనట్టేనని భావిస్తున్నారు. ఒక జాతి మొత్తం పోలేదు గనుక ఆ రంగు పోవడాన్ని ఎవరూ పెద్దగా తలచుకోలేదు.

రంగు ఇలా ఎందుకు మారుతుంది? తేమ ఎక్కువైన చీకటి అడవులలో జంతువుల రంగు ముదురుగానూ, పొడి నేలలలో లేతగానూ ఉంటుందని జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు గ్లోగర్ 1833లో రాశాడు. నేటికీ దానిని గ్లోగర్ సూత్రమనే అంటారు. మలబారు తడి అడవిలోని నల్ల వీపు, డాంగ్స్‌లోని తెల్ల వీపు ఆ సూత్రానికి చక్కగా సరిపోతాయి. అయిదు చారల ఉడుత కూడా వాయవ్య భారతంలోని ఎండిన నేలల వైపు పోయేకొద్దీ వెలిసిన వెండి ఛాయకు మారుతుంది. ముదురు రంగు ఒంటిని నీడలో దాస్తుంది. ఎండాకాలం ఆకు రాలిన అడవిలో అదే రంగు డేగ కంటికి దారి చూపుతుంది. రెండు రంగులు ఒంటిమీద ముక్కలుగా ఉండటం మరింత ఉపయోగం. ఎండ, నీడ కలిసిన కొమ్మల్లో జంతువు ఒక ఆకారంగా కాక, విడివిడి మచ్చలుగా కనిపిస్తుంది.

జాతి లక్షణం కాని రంగులు కూడా ఉంటాయి. ఎక్కడైనా ఒక తెల్ల ఉడుత కనిపిస్తే అది కొత్త జాతి కాదు. కళ్ళు కూడా ఎర్రగా ఉంటే ఒంట్లో రంగు పదార్థమే లేదని అర్థం. ఒళ్ళు తెల్లగా ఉండి కళ్ళు నల్లగా ఉంటే అది వేరొక లోపం, వెంట్రుకలకు మాత్రమే రంగు అందలేదని గుర్తు. అమెరికా నుంచి పిల్లలు పంపే ఫోటోలలో నల్ల ఉడుతను చూసి ఆశ్చర్యపోయే తల్లిదండ్రులు మనలో తక్కువేమీ కాదు. టొరంటోలోగాని మిషిగన్‌లోగాని కనిపించే ఆ నల్ల ఉడుత, పక్క చెట్టుమీది బూడిద ఉడుత, చాలావరకు ఒకే జాతివి. ఒకే తల్లి కాన్పులో రెండు రంగుల పిల్లలూ పుట్టవచ్చు. అక్కడ రంగుకంటే పొట్ట చూడటం మేలు. పొట్ట తెల్లగా ఉంటే బూడిద ఉడుత, నారింజ చాయ ఉంటే దానికంటే పెద్దదైన నక్క ఉడుత. నల్లవాటి దగ్గర ఈ గుర్తు కూడా పని చేయదనుకోండి.

నెరసిన ఉడుత

ఇక మన మధ్యే, మన తెలుగువారి ఊళ్ళ పక్కనే ఉండి, మనకు పేరైనా తెలియని ఉడుత ఒకటుంది. దక్షిణాన రాజపాళయం రాజులు తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న ఊరికి పక్కనే శ్రీవిల్లిపుత్తూరు అడవి ఉంది. 1988లో ఈ ఉడుత కోసమే ఆ అడవిని అభయారణ్యం చేశారు; 2021లో అది మేఘమలైతో కలిసి పులుల సంరక్షణ కేంద్రమయింది. బెట్టుడుత కంటె చిన్నది. గోధుమ, బూడిద కలిసిన వెంట్రుకల కొసలు తెల్లగా ఉండి, నెరసిన తలలా కనిపిస్తుంది. ఇంగ్లీషు పేరుకు కూడా అదే అర్థం. నేను దీనిని నెరసిన బెట్టుడుత అని రాస్తున్నాను. ఎర్ర ఉడుత అనుభవం తరువాత పేర్లు పెట్టడానికి చేయి వణుకుతున్నా, దీనికి ఇంతకంటే సూటైన మాట దొరకలేదు.

ఇది బెంగుళూరుకు కూడా దూరం కాదు. కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో నది ఒడ్డున ఎత్తుగా పెరిగిన మద్ది, చింత వంటి చెట్లమీద ఉంటుంది. హోసూరు, డెంకణికోట వైపు తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఆ ప్రాంతపు అడవులలోనూ దీనిని గుర్తించారు. ముత్తత్తికి విహారానికి పోయేవారు ఒడ్డున భోజనం ముగించి లేచేలోపు ఒకసారి తల ఎత్తి చూస్తే చాలు. దీనికి కావలసింది ఒక చెట్టు కొమ్మ ఇంకొక చెట్టు కొమ్మను తాకే ఒడ్డు. నడుమ నాలుగు చెట్లు పోతే దానికి దారి తెగినట్టే. నేల దిగితే కుక్కలు ఉంటాయి.

ఉడుత కానిది

తూర్పు కనుమలలోనూ, యేర్కాడు వంటి కొండలలోనూ ఉడుతలాగే పరుగెత్తే ఒక జంతువు ఉంది. చారలు లేవు, భుజం దగ్గర లేత గీత ఒకటి అడ్డంగా ఉంటుంది. ముక్కు కోసుగా ముందుకు పొడుచుకొని వస్తుంది. ఉడుతకుండే పొడవైన మీసాలు ఉండవు. అది ఉడుత కాదు, ఎలుక జాతిలోదీ కాదు. చెట్టు చుంచు అనవచ్చు. పురుగులను ఏరుకొని తింటుంది. మలయా భాషలో ఉడుతను తుపాయి అంటారు. ఈ చుంచుల కుటుంబానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆ మాటనుంచే వచ్చింది. నావంటి తొందరపాటు అనువాదకులు అన్ని దేశాలలోనూ ఉన్నారన్నమాట. ఒడియాలో ఉడుతను గుండుచి మూషా అంటారు, మూషా అంటే ఎలుక. ఆ మాట మాత్రం అంత తప్పు కాదు, ఉడుతా ఎలుకా రెండూ కొరికే పళ్ళ జంతువులే.

గూడు ఉన్న చెట్టు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ ఫిర్యాదు విఫలమైంది ఉడుత మామూలుది కావడం వల్ల. కాని గూడును కాపాడమని అడగడానికి ఉడుత అరుదైనది కానక్కరలేదు. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే వృక్షాధికారి అనుమతి తీసుకోవాలి. అభ్యంతరం రాసేటప్పుడు "అరుదైన ఎర్ర ఉడుత" అని కాక, "ఫలానా చెట్టుమీద, ఫలానా ఎత్తున, పిల్లలున్న ఉడుత గూడు ఉంది, అవి పెరిగేవరకు పని ఆపగలరు" అని రాస్తే ఎవరూ నవ్వి వెళ్ళిపోవడానికి వీలుండదు. చూసింది చూసినట్టు రాసిన ఫిర్యాదును తోసిపుచ్చడం కష్టం.

గూడు గుర్తుపట్టడం సులభమే. ఎండు గడ్డి, కొబ్బరి పీచు, దూది, ఇళ్ళలోంచి ఎత్తుకొచ్చిన దారపు పోగులు కలిపి కుక్కిన ముద్ద. కొమ్మ చీలికలోనో, కొబ్బరి మట్టల నడుమనో, ఈమధ్య ఏసీ యంత్రం వెనుక సందులోనో ఉంటుంది. సాధారణంగా రెండు మూడు పిల్లలుంటాయి. పుట్టినప్పుడు ఒంటిమీద వెంట్రుక ఉండదు, కళ్ళు మూసుకొని ఉంటాయి. వెంట్రుకలు నిండుగా రాకముందే వీపున చారల జాడ తెలుస్తుంది. పిల్లలు తమంతట తాము తిరగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కొమ్మలు కొట్టే పనిని అంతకాలం వాయిదా వేయడం వల్ల ఏ సంఘానికీ కలిగే నష్టం లేదు.

పిల్ల కింద పడితే వెంటనే ఇంట్లోకి తీసుకుపోకండి. తల్లి చాలాసార్లు వెతుక్కుంటూ వచ్చి, నోట కరచుకొని ఇంకొక గూటికి చేరుస్తుంది. మూతలేని చిన్న పెట్టెలో మెత్తని గుడ్డ వేసి, చీమలు పట్టకుండా, కుక్కకూ పిల్లికీ అందనంత ఎత్తున, అదే చెట్టుకు కట్టి, పగటివేళ దూరం నుంచి గమనించండి. ఆవుపాలు పట్టవద్దు, కడుపు చెడి చచ్చిపోతాయి. చీకటి పడేవరకు తల్లి రాకపోతే వెచ్చగా ఉంచి, వన్యప్రాణుల రక్షకులకు అప్పగించాలి. బెట్టుడుత అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న జంతువు. దానిని అమ్ముతున్నా, పంజరంలో పెంచుతున్నా తెలియజేయవలసింది అటవీ శాఖకే.

ఆ చెప్పుల పెట్టెలోని రెండు పిల్లలలో ఒకటి ఆ రాత్రే పోయింది. రెండవదానిని మర్నాడు పెట్టెతో సహా మొండి కానుగ కొమ్మకు కట్టారట. మధ్యాహ్నానికి పెట్టెలో అది లేదు. తల్లి తీసుకుపోయిందో కాకి తీసుకుపోయిందో ఆమె చూడలేదు.

ఈ సంచికలోని పట్టికలో కెందళిలుకు ఎదురుగా బెట్టుడుత అని దిద్దాను. మీరు ఏ ఉడుతనైనా ఫోటో తీసి ఈ విభాగానికి పంపదలచుకుంటే పైనుంచి కాక పక్కనుంచి తీయండి. తోక అడుగు కనిపించే చిత్రం ఒకటి కూడా ఉంటే మంచిది. సాయంత్రపు ఎండలో బూడిద కూడా ఎర్రగా కనిపిస్తుంది కనుక, తీసిన సమయం కూడా రాయగలరు.